స్కూలుకి ఎలాస్టిక్ ప్యాంటా, హుక్కు ప్యాంటా? ఆటిజం ఉన్న పిల్లల అమ్మానాన్నలు చెప్పండి

చిన్నోడి అమ్మ, గుంటూరు:
మా బాబుకి ఎనిమిదేళ్లు, ఆటిజం. మామూలు స్కూల్లోనే రెండో తరగతి. ఇన్నాళ్లూ యూనిఫాం గుడ్డతోనే ఎలాస్టిక్ ప్యాంటు కుట్టించి పంపాను. ఈ ఏడాది హుక్కు, జిప్పు, బెల్టు ఉన్న ప్యాంటే వేయాలంటున్నారు. మా అత్తయ్యగారిదీ అదే మాట: "అన్నీ నువ్వే తేలిక చేసిపెడితే వాడెప్పుడు నేర్చుకుంటాడమ్మా?" రెండు రోజులుగా ఆ మాటే తిరుగుతోంది నాలో. మీరేం చేశారు?

ఆడపిల్ల నాన్న, వరంగల్:
మీ అత్తయ్యగారి మాట కొట్టిపారేయకండి. పొద్దున బస్సు టెన్షన్‌లో నేర్పే ఓపిక లేక, మా అమ్మాయికి పదకొండేళ్లు వచ్చేదాకా మేమే తొడిగాం. ఇప్పుడు పద్నాలుగేళ్లు. బట్టలు వేయడానికి ఎవరు వచ్చినా చేతులు చాపి నిలబడుతుంది. ఎవరు వచ్చినా! ఆడపిల్ల తండ్రిగా నా భయం మీకు అర్థమవుతుంది. హుక్కు ప్యాంటే వేయండి, ఇప్పుడే.

నూలు చొక్కా, హైదరాబాద్:
నాకు ఇరవై ఏడేళ్లు, నాకూ ఆటిజం ఉంది. గంజి పెట్టి ఇస్త్రీ చేసిన కాలరు నా మెడకి గరుకు కాగితంలా తగిలేది. ఏడిస్తే మొండి అన్నారు. శబ్దం, స్పర్శ లాంటివి మరీ ఎక్కువగానో తక్కువగానో తెలియడం ఆటిజం లక్షణాల్లో ఒకటని 2013లో వచ్చిన అమెరికా మానసిక వైద్యుల రోగనిర్ధారణ పుస్తకం డీఎస్‌ఎం-5లోనే చేర్చారు. ఆటిజం ఉన్న అమెరికా శాస్త్రవేత్త టెంపుల్ గ్రాండిన్ కూడా చిన్నప్పటి గరుకు లోపావడాల బాధ గురించి చెప్పారు. అక్కా, బాబు హుక్కు పెట్టుకోలేకపోతున్నాడా, లేక ఆ నడుము పట్టీ ఒంటికి తగలడమే భరించలేకపోతున్నాడా? మొదటిదైతే నేర్పండి. రెండోది నేర్పితే పోయేది కాదు, గుడ్డ మార్చాల్సిందే.

ఓటీ చేస్తున్నాను, తిరుపతి:
ఓటీ అంటే ఆక్యుపేషనల్ థెరపీ, రోజువారీ పనులు సొంతంగా చేసుకోవడం నేర్పే పని. పై తమ్ముడి ప్రశ్నే అసలైనది. నేర్పడం మాత్రం పొద్దున వద్దు. సాయంత్రం స్నానమయ్యాక, తొందర లేనప్పుడు. చివరి నుంచి మొదలుపెట్టండి: హుక్కు మీరే పెట్టి, జిప్పు ముప్పావు వంతు పైకి లాగి, మిగిలిన కాస్త బాబుతో లాగించండి. పని పూర్తి చేసింది తానే అవుతాడు కదా, ఆ సంతోషంతో రేపు మళ్లీ వస్తాడు. అది కుదిరాక సగం నుంచి, తర్వాత మొత్తం జిప్పు. హుక్కు ఆఖరున, దానికి వేళ్లలో బలం కావాలి. జిప్పుకి కీచైన్ రింగు తగిలిస్తే పట్టు దొరుకుతుంది. ప్యాంటు వెనకవైపు లోపల రంగు దారంతో ఒక కుట్టు వేస్తే ముందూ వెనకా తనే చూసుకుంటాడు.

ఆడపిల్ల నాన్న, వరంగల్:
ఇదంతా బాగుంది మేడం, కానీ నేర్చుకునేదాకా ఎలాస్టిక్ అంటే స్కూలు ఒప్పుకోదే. అందుకే హుక్కు అంటున్నాను.

ఓటీ చేస్తున్నాను, తిరుపతి:
ఒప్పుకోవాలండి. 2016 వికలాంగుల హక్కుల చట్టం గుర్తించిన 21 వైకల్యాల్లో ఆటిజం ఉంది. ప్రభుత్వ గుర్తింపు ఉన్న ఏ స్కూలైనా పిల్లవాడి అవసరాన్ని బట్టి తగిన సర్దుబాటు చేయాలని 16వ సెక్షన్ చెబుతుంది. ఆ సంగతి రాసి, వైకల్య ధ్రువపత్రం కాపీ జతచేసి అర్జీ ఇవ్వండి.

చిన్నోడి అమ్మ, గుంటూరు:
ఒక మాట ముందే చెప్పాల్సింది. కొత్త ప్యాంటుతో రెండు రోజులు పంపాను. బాత్రూంలో హుక్కు తీసుకోలేక రెండు రోజులూ తడిపేసుకుని వచ్చాడు. మూడో రోజు మంచినీళ్ల సీసా నిండుగా తిరిగొచ్చింది. వెళ్లాల్సి వస్తుందని నీళ్లే మానేశాడు. నడుము పట్టీతో ఇబ్బంది లేదు, ఇంట్లో ఆ ప్యాంటుతోనే ఆడుకుంటాడు. వేళ్లే సాయం చేయట్లేదు. స్కూలుకి ఎలాస్టిక్కే పంపుతాను, పైకి తేడా తెలియకుండా బెల్టు పట్టీలు కుట్టమని టైలర్‌కి చెప్పాను.

ఆడపిల్ల నాన్న, వరంగల్:
నీళ్లు మానేశాడంటే ఇంకేం వాదించను తల్లీ, ఎలాస్టిక్కే వేయండి. సాయంత్రాలు మాత్రం వదలకండి. మేము రేపు, ఎల్లుండి అనుకుంటూనే మూడేళ్లు పోగొట్టుకున్నాం.

చిన్నోడి అమ్మ, గుంటూరు:
ఈ రోజే మొదలుపెట్టాను అన్నయ్యగారూ. రింగు పట్టుకుని ఒకసారి లాగాడు.