మిడతల కోసం కొన్న మందు మిగిలితే దోమల మీద కొట్టొచ్చా?

నాగోల్ నివాసి
మా కాలనీకి ఫాగింగ్ బండి సరిగ్గా రావడం లేదు. అడిగితే మందు లేదంటారు. 2020లో మిడతల దండు వచ్చినప్పటి వార్తలు మళ్లీ చదువుతుంటే నాకో ఆలోచన వచ్చింది. అప్పుడు రాజస్థాన్, గుజరాత్‌లలో మిడతల మీద ఎక్కువగా కొట్టింది మాలాథియాన్ అనే పురుగుమందు. మన వీధుల్లో డీజిల్‌లో కలిపి పొగ పెట్టేదీ మాలాథియానే. దండు పోయాక ఎక్కడైనా డ్రమ్ములు మిగిలితే, వాటిని వదిలించుకోవడానికి ఎదురు డబ్బు పెట్టడం ఎందుకు? నగరాలకు ఇచ్చేస్తే వాళ్లకు గోదాం ఖాళీ అవుతుంది, మనకు దోమలు తగ్గుతాయి. ఇందులో తప్పేముందో చెప్పండి.

బీటెక్ బావ
తప్పేం లేదు భయ్యా. పెళ్లిలో మిగిలిన బిర్యానీ అనాథాశ్రమానికి పంపినట్టే కదా. పాచిపోకముందే పంపాలి, అంతే.

ఎల్బీనగర్ మందుల షాపు
బావ నవ్వులాటకు అన్నా అసలు సంగతి అదే. మాలాథియాన్ అనగానే అంతా ఒకటే అనుకోకండి. మా షాపులో రైతులకు అమ్మేది 50 ఈసీ, నీళ్లలో కలిపి కొట్టేది. మిడతలకు వాడేది 96 శాతం యూఎల్‌వీ. దాంట్లో నీళ్లు కలపరు. ప్రత్యేకమైన స్ప్రేయర్‌తో సన్నటి తుంపరగా ఎకరాలకు ఎకరాలు కొడతారు, హెక్టారుకు లీటరు లోపే పడుతుంది. అది మిగిలితే మామూలు రైతుకు అమ్మలేం, ఇవ్వలేం.

గడువు దాటితే ఇంకో తంటా. 1971 పురుగుమందుల నిబంధనల్లో 10ఏ అని ఒకటుంది. తేదీ దాటిన సరుకును వెంటనే వేరు చేసి, దాని మీద 'అమ్మకానికి కాదు, వాడకానికి కాదు, తయారీకి కాదు' అని ముద్ర కొట్టి, విడిగా బోర్డు పెట్టిన చోట ఉంచాలి. నా గోదాంలో ఒక మూల రాక్ దానికే. ఇన్‌స్పెక్టర్ వస్తే ముందు అటే చూస్తాడు. ముద్ర పడిన డబ్బాను దోమలకని కూడా బయటికి తీయకూడదు.

నాగోల్ నివాసి
అన్నా, గడువు దాటిన సరుకు సంగతి నేను ఎత్తలేదు. ఇంకా తేదీ ఉన్నదాని గురించే అడుగుతున్నా. పైగా ఫాగింగ్‌కు వాడేది కూడా టెక్నికల్ మాలాథియానే, అంటే ఇంకేమీ కలపని గాఢమైన మందే అంటారు. అంటే 96 శాతం దానికి బాగా దగ్గరే కదా?

రాజేంద్రనగర్ ల్యాబ్
దగ్గరే. అందుకే మీ ప్రశ్నను కొట్టిపారేయడం లేదు. కానీ డ్రమ్ము మీది తేదీని నమ్మి వాడేస్తే దెబ్బతింటాం.

మాలాథియాన్ వేడికి మారిపోతుంది. జైసల్మేర్ లాంటి చోట ఎండాకాలం 45 డిగ్రీలు దాటుతుంది. రేకుల షెడ్డులో ఇంకెంత ఉంటుందో ఊహించుకోండి. ఆ వేడికి మందు బలం తగ్గడమే కాదు, అందులో కొంత ఐసోమాలాథియాన్ అనే పదార్థంగా మారుతుంది. మామూలుగా మన ఒంట్లో కొన్ని ఎంజైములు మాలాథియాన్‌ను త్వరగా విరిచేస్తాయి, పురుగు ఒంట్లో ఆ పని అంత జోరుగా జరగదు. ఆ మందు మనుషులకు కాస్త నయం అనడానికి కారణం అదే. ఐసోమాలాథియాన్ సరిగ్గా ఆ ఎంజైములనే అడ్డుకుంటుంది. అప్పుడు అదే మాలాథియాన్ మనిషికి విషమవుతుంది.

1976లో పాకిస్తాన్ మలేరియా కార్యక్రమంలో జరిగింది ఇదే. స్ప్రే చేసే సుమారు 7,500 మంది కూలీల్లో 2,800 మంది దాకా అస్వస్థులయ్యారు, కనీసం అయిదుగురు చనిపోయారు. పరీక్షిస్తే మందులో ఐసోమాలాథియాన్ ఎక్కువగా తేలింది.

నాగోల్ నివాసి
మేడం, నేనూ చూశాను. పాకిస్తాన్‌లో వాడింది నీళ్లలో కలిపే పొడి మందు. పొడిలో కలిపే మట్టి లాంటి పదార్థాల వల్ల కూడా ఆ మార్పు జరిగిందంటారు. ద్రవ మాలాథియాన్‌కు దాన్ని అంటగట్టడం న్యాయమేనా?

రాజేంద్రనగర్ ల్యాబ్
న్యాయమైన ప్రశ్న. పొడిలో ఆ మార్పు వేగంగా జరుగుతుంది, ద్రవంలో నెమ్మది. నెమ్మది అంటే జరగదని కాదు. అందుకే మాలాథియాన్ స్పెసిఫికేషన్లలో ఐసోమాలాథియాన్ ఇంతకు మించకూడదని విడిగా పరిమితి పెట్టారు. చాలామంది మందు శాతం ఒక్కటే పరీక్ష చేయించి '94 వచ్చింది, ఓకే' అంటారు. శాతం బాగుండి ఐసోమాలాథియాన్ ఎక్కువుంటే ఆ రిపోర్టు ఎందుకూ పనికిరాదు. ఫాగింగ్ బండి వెనక రోజూ పొగలో నడిచే కుర్రాడి ముక్కుకు గుడ్డ తప్ప ఏమీ ఉండదు, అదీ గుర్తుంచుకోండి.

నా మాట ఇది. పరీక్షించి, తేదీ బోలెడు మిగిలి ఉండగా, లేబుల్‌పై ఆ వాడకానికి అనుమతి ఉంటే ఇవ్వొచ్చు. ఈ మూడిట్లో ఒకటి లేకపోయినా వద్దు. కానీ మన దగ్గర జరిగేది తలకిందులు. మందు బాగున్నన్నాళ్లూ 'మళ్లీ దండు వస్తే?' అని ఎవరూ వదలరు. తేదీ దగ్గర పడ్డాక అందరికీ దానబుద్ధి పుడుతుంది.

ఆదిలాబాద్ పత్తి రైతు
ఇప్పుడు హైదరాబాద్‌లోనే ఉంటున్నా కానీ 2020 మే నెలలో ఊళ్లో ఉన్నా. దండు అమరావతి, నాగ్‌పూర్ దాకా వచ్చిందంటే మాకు నిద్ర లేదు. సర్కారు కమిటీ వేసింది, సరిహద్దు జిల్లాలను అలర్ట్ చేసింది. మేమూ క్లోరిపైరిఫాస్ తెచ్చి పెట్టుకున్నాం. దండు ఇటు రాలేదు. మందు ఏం చేశామంటారా? పత్తికే కొట్టేసుకున్నాం, దానికి పత్తి మీద అనుమతి ఉండేది. మిడతలకు తప్ప ఇంకెందుకూ పనికిరాని రకం కొంటేనే ఈ బాధ. అయినా దాచుకోవడం తప్పెట్లా అవుతది? మళ్లీ వస్తే అప్పటికప్పుడు మందు ఎక్కడ దొరుకుతది?

రాజేంద్రనగర్ ల్యాబ్
అన్నా, దాచడంలో చిక్కు ఏంటంటే, మన దేశంలో 2019కి ముందు అంత పెద్ద దండు వచ్చింది 1993లో. ఇలాంటి మందు మీద ఉండే గడువు రెండేళ్లో, కాస్త ఎక్కువో. పాతికేళ్లకోసారి వచ్చే చుట్టం కోసం ఇంట్లో అన్నం వండి పెట్టలేం కదా. అందుకే ఐక్యరాజ్యసమితి ఆహార, వ్యవసాయ సంస్థ ఎఫ్ఏఓ వాళ్లు పురుగుమందుల బ్యాంకు అనే పద్ధతి చెబుతారు. డ్రమ్ములు మన గోదాంలో కాదు, తయారీదారు దగ్గర ఒప్పందం రూపంలో ఉంటాయి, అవసరమైనప్పుడు తయారుచేసి పంపుతారు. 2020 జూన్‌లో ఇరాన్‌కు మన ప్రభుత్వరంగ పురుగుమందుల కంపెనీ హెచ్ఐఎల్ నుంచి 25 టన్నుల మాలాథియాన్ వెళ్లింది. మన దాకా రాకముందే అక్కడే మిడతలను ఆపితే మనకూ లాభం.

మిగిలినదాన్ని ఇంకో దేశానికి పంపిన ఉదాహరణా ఉంది. 2013 నుంచి మడగాస్కర్‌లో జరిగిన కార్యక్రమానికి మొరాకో, మౌరిటానియా లాంటి దేశాల దగ్గరున్న మందు తీసుకెళ్లారు. మిడతల మందును మిడతల మీదికే పంపడం. నాకు నచ్చిన దారి అదే. దోమలకంటే ముందు దాన్ని ఆలోచించాలి.

అలా చేయకపోతే ఏమవుతుందో ఆఫ్రికా చూసింది. 1950, 60 దశకాల నుంచి మిడతల కోసం తెచ్చిన డీల్డ్రిన్ అనే పురుగుమందు పనికిరాకుండా మూలపడింది. తర్వాత వచ్చినవీ దానికి తోడయ్యాయి. ఒక్క ఇథియోపియా నుంచే 2000 తర్వాత మొదటి విడతలో దాదాపు 1,500 టన్నుల పాత పురుగుమందులు ఓడలెక్కించి ఫిన్లాండ్‌లో కాల్చారు. అవన్నీ మిడతలవి కావు. కానీ అత్యవసరమని కావాల్సినదానికంటే ఎక్కువ పంపడం కూడా ఆ గుట్టలకు ఒక కారణం.

పటాన్‌చెరు పాతకాపు
మీరంతా 'కాల్చడం' అని తేలిగ్గా అంటున్నారు. ఎక్కడ కాలుస్తారో చెప్పండి ముందు. దేశంలో ఎక్కడ పాడైపోయినా చివరికి మా చుట్టుపక్కలకు రాదని ఏంటి గ్యారంటీ? ఫ్యాక్టరీల నీళ్లతో మా నక్కవాగు రంగు మారడం చూసినోళ్లం. ప్రమాదకర వ్యర్థాల కేంద్రం ఉన్న దుండిగల్ వైపు ఉండేవాళ్లను అడగండి, రాత్రిపూట వాసన గురించి.

బీటెక్ బావ
సిమెంట్ బట్టీలో వేస్తే సరి. మంట 1,800 డిగ్రీలు దాటుతుంది, అంత వేడిలో అణువు మిగలదు. తాండూరు, హుజూర్‌నగర్ వైపు ఫ్యాక్టరీలకు కొదవ లేదు.

పటాన్‌చెరు పాతకాపు
కొదవ లేదు కాబట్టే భయం బావా. మంట సంగతి ఒప్పుకుంటా. లారీలో వచ్చే డ్రమ్ము కారదా? బట్టీకి వచ్చిన ప్రతి డ్రమ్ము లోపలికే పోయిందని ఎవరు రాస్తారు? 2016 నిబంధనల్లో ప్రమాదకర వ్యర్థాల లారీ వెంట మేనిఫెస్ట్ కాగితం, అంటే సరుకు ఎక్కడి నుంచి ఎక్కడికి పోతుందో రాసే చీటీ, ఉండాలని రాసి ఉంది. ఆ కాగితం ఊరోళ్లకు చూపించిన సందర్భం నాకైతే తెలియదు. అది చూపిస్తే నేనూ బట్టీకే ఓటేస్తా, ఖుల్లా జాగాలో తగలబెట్టడం, పూడ్చిపెట్టడం కంటే వెయ్యి రెట్లు నయం.

ఎల్బీనగర్ మందుల షాపు
కారడం గురించి ఒక మాట. పాత డ్రమ్ము పైనుంచి చూస్తే కొత్తదానిలా ఉంటుంది. తుప్పు పట్టేది అడుగు అంచు దగ్గర, నేల తడిగా ఉన్నచోట. చేత్తో తడిమితే జిడ్డు, ముక్కుకు వెల్లుల్లి లాంటి ఘాటు. అప్పటికే కిందకు దిగిపోయి ఉంటుంది. పలకల మీద నిలబెట్టి, అడుగున చూడగలిగేలా ఉంచితేనే లాభం. నగరాలకు పంచుదామంటున్నారు కదా, ఎన్ని మున్సిపాలిటీల దగ్గర అలాంటి గోదాం ఉందో కూడా చూడండి.

నాగోల్ నివాసి
సరే, నా వాదన పూర్తిగా వదలను. తేదీ ఉండి, రిపోర్టు ఉండి, లేబుల్ ఒప్పుకుంటే దోమలకు వాడాలనే అంటాను. ఇకముందు మా దగ్గర కొట్టే మందు ఎక్కడిదో తెలుసుకోవడానికి ఆర్టీఐ వేస్తున్నా. ఏం అడగాలి మేడం?

రాజేంద్రనగర్ ల్యాబ్
బ్యాచ్ నంబరు, తయారీ తేదీ, గడువు తేదీ ఒక ప్రశ్న. మందు శాతంతో పాటు ఐసోమాలాథియాన్ ఎంతో చెప్పే పరీక్ష రిపోర్టు కాపీ రెండోది. శాంపిల్ ఎన్ని డ్రమ్ముల నుంచి తీశారో కూడా అడగండి, ఒక్కదాని నుంచి తీసి అన్నిటికీ వర్తింపజేయడం మామూలే.

ఎల్బీనగర్ మందుల షాపు
ఖాళీ డ్రమ్ముల లెక్క మర్చిపోకు తమ్ముడూ. ఎన్ని వచ్చాయి, ఎన్నింటికి బొక్కలు కొట్టి నలగ్గొట్టారు అని. 2013లో బిహార్ ఛప్రా దగ్గర బడి భోజనం తిని 23 మంది పిల్లలు పోయారు. వంటనూనె మోనోక్రోటోఫాస్ అనే పురుగుమందు డబ్బాలో పెట్టారని తేలింది. ఖాళీ డ్రమ్ము తుక్కు వాడికి అమ్మారంటే అది ఎవరింట్లో నీళ్ల తొట్టి అవుతుందో చెప్పలేం.