ఆదివారం విన్న వాక్యం మంగళవారం దాకా నిలవాలంటే: సంఘ కాలాల వెంట నడవడం గురించి ఒక ప్రశ్న

ప్రశ్న: దివిటీ

అందరికీ ప్రభువు నామంలో వందనాలు. నేను పెరిగిన సంఘంలో క్రిస్మస్, గుడ్ ఫ్రైడే, ఈస్టర్ తప్ప మరో కాలం మాట వినబడేది కాదు. పెళ్లయ్యాక చేరిన సంఘంలో క్రిస్మస్‌కు ముందు నాలుగు ఆదివారాల ఆగమన కాలం, జ్ఞానులు శిశువైన యేసును చూడవచ్చిన ప్రత్యక్షత పండుగ, ఈస్టర్‌కు ముందు ఉపవాసపు శ్రమకాలం, పరిశుద్ధాత్మ దిగివచ్చిన పెంతెకొస్తు అంటూ ఏడాది పొడవునా ఒక వరుస ఉంది. బల్ల మీద పరిచే గుడ్డ రంగు సైతం ఆ వరుస ప్రకారమే ఊదా నుంచి తెలుపుకూ, ఎరుపుకూ, ఆకుపచ్చకూ మారుతుంది. ఆ వరుస నాకు నచ్చింది. దాన్ని పట్టుకుని నడవాలని నాలుగేళ్లుగా ప్రయత్నిస్తున్నాను గానీ, ప్రతిసారీ సగంలోనే జారిపోతున్నాను.

ఆగమన కాలంలో వారానికొకటి చొప్పున వెలిగించే వాటిలో మొదటి కొవ్వొత్తి వెలిగించిన రోజు ఉన్న ఆసక్తి రెండో కొవ్వొత్తి నాటికి ఉండదు. ఈ ఏడాది శ్రమకాలంలో రాత్రి తొమ్మిది దాటాక ఫోన్ ముట్టుకోనని తీర్మానించుకున్నాను. 11వ రోజున తప్పాను. తప్పాక మళ్లీ మొదలుపెట్టడానికి నాకే మొహం చెల్లక పూర్తిగా వదిలేశాను.

ఇంటి సంగతి కూడా చెప్పాలి. మా నాన్నగారు పక్షవాతంతో రెండేళ్లుగా మంచం మీద ఉన్నారు, ఆయన బాధ్యత నాదే. ఖర్చుల విషయంలోనూ, ఎవరు ఎన్ని రోజులు దగ్గరుండాలన్న విషయంలోనూ తమ్ముడికీ నాకూ మాటా మాటా పెరిగి, ఐదు నెలలుగా మాటలు లేవు. ఆదివారం ఆరాధనలో కూర్చున్నంతసేపూ మనసు నెమ్మదిగానే ఉంటుంది. మంగళవారం సాయంత్రం నాన్నగారికి మాత్రలు వేస్తూ ఉంటే మాత్రం, తమ్ముడి మీద కోపం తప్ప, విన్న వాక్యంలో ఒక్క మాట కూడా గుర్తుకు రాదు. ఈ కాలాలు, వాటి పాఠాలు ఇలాంటి బ్రతుకుకు దారి చూపుతాయా, లేక తీరిక ఉన్నవాళ్ల కోసం పెట్టిన ఏర్పాటా?

జవాబు: ఆవగింజ

అమ్మా, మీ 11వ రోజు దగ్గరే మొదలుపెడతాను, ఎందుకంటే చాలామంది ఆగిపోయేది అక్కడే. శ్రమకాలం మొదలయ్యే భస్మ బుధవారం నుంచి ఈస్టర్ ముందటి శనివారం వరకు లెక్కపెడితే 46 రోజులు వస్తాయి గానీ, మనం 40 అంటాం. మధ్యలో వచ్చే 6 ఆదివారాలను ఉపవాస దినాల్లో కలపరు, ప్రతి ఆదివారమూ పునరుత్థానాన్ని జ్ఞాపకం చేసుకునే దినమే గనుక. అంటే ఆరు రోజులు నడిచి, ఏడో రోజు ఆగి, మళ్లీ లేచి నడిచేలాగే ఆ కాలాన్ని అమర్చారు. మీరు దాన్ని ఒక్కసారి తెగితే పనికిరాని దారంలా చూశారు. 11వ రోజున తప్పినవారు చేయవలసిందల్లా 12వ రోజున మొదలుపెట్టడమే.

ఇంకొకటి, ఆ తీర్మానాన్ని మీరు ఎవరితోనూ చెప్పి ఉండరని అనుకుంటున్నాను. 6వ శతాబ్దంలో బెనెడిక్టు తన మఠవాసులకు రాసిన నియమావళిలో, శ్రమకాలంలో ఎవరు ఏది అదనంగా అర్పించాలనుకున్నా ముందుగా మఠాధిపతికి చెప్పి, ఆయన సమ్మతితోనే చేయాలని నియమం పెట్టాడు. మొదటిసారి చదివినప్పుడు ఇదేదో అదుపు కోసం పెట్టినది అనిపించింది. తర్వాత అర్థమైంది: ఒంటరిగా చేసుకున్న తీర్మానం నెరవేరితే గర్వంగానూ, తప్పితే సిగ్గుగానూ మారుతుంది. పెద్దవారొకరికి చెప్పి ఉంటే, మీ పరిస్థితి ఎరిగినవారు కనుక, "రాత్రి తొమ్మిది తర్వాతే కదా నీకు కాస్త ఊపిరి ఆడేది, ఆ ఫోన్ సంగతి వదిలి ఇంకేదైనా చూడు" అని అనేవారేమో. పాస్టర్ గారే కానక్కర్లేదు. ప్రార్థనలో నలిగిన పెద్దావిడ ఒకరైనా చాలు.

పాఠాల విషయానికి వస్తే, అన్నీ చదవాలని చూడకండి. 1992లో ప్రచురితమై అనేక ప్రొటెస్టెంటు సంఘాలు వాడుతున్న, ఏ ఆదివారం ఏ బైబిలు భాగం చదవాలో చెప్పే వాక్యపఠన పట్టిక, కథోలిక సంఘపు పట్టికలాగే, మూడేళ్ల చక్రంలో తిరుగుతుంది: ఒక ఏడు మత్తయి, ఒక ఏడు మార్కు, ఒక ఏడు లూకా ముఖ్యంగా సాగుతాయి, యోహాను సువార్త పండుగ కాలాల్లో అక్కడక్కడా వస్తుంది. ప్రతి ఆదివారానికీ పాత నిబంధన, కీర్తన, పత్రిక, సువార్త అని నాలుగు భాగాలుంటాయి. మీ పరిస్థితిలో నాలుగూ మోయడం కష్టం. రాబోయే ఆదివారపు సువార్త భాగాన్ని సోమవారం చదవండి, అందులో మిమ్మల్ని గుచ్చిన వాక్యం ఒక్కటి చీటీ మీద రాసి మాత్రల డబ్బా మూతకు లోపలివైపు అంటించండి. వారమంతా అదే వాక్యం. నేను నా భార్య మందుల డబ్బాకు ఇలాగే అంటించేవాణ్ణి. రోజుకు మూడుసార్లు మూత తీసేవాణ్ణి గనుక మూడుసార్లు చదవక తప్పేది కాదు. భక్తి కంటే మూత ఎక్కువ నమ్మకస్తురాలు.

తమ్ముడి సంగతి మీరు చివర్లో రాశారు గానీ, అసలు ప్రశ్న అదే అని నాకు తోచింది. శ్రమకాలం ఆరంభంలో చాలా సంఘాలు యెషయా 58వ అధ్యాయం చదువుతాయి. దేవునికి ఇష్టమైన ఉపవాసం ఏదో చెబుతూ, ఆకలిగొన్నవారికి ఆహారం పెట్టడంతో పాటు, రక్తసంబంధికి ముఖం తప్పించకుండా ఉండటాన్ని కూడా ప్రవక్త అక్కడే లెక్కిస్తాడు. మరోసారి చదివి చూడండి.

జవాబు: తేటనీరు

సహోదరి గారికి వందనాలు. పై సోదరుని అనుభవాన్ని గౌరవిస్తూనే ఒక అభ్యంతరం చెప్పదలచుకున్నాను. గలతీయులకు రాసిన పత్రిక 4వ అధ్యాయం 10వ వచనంలో, దినాలనూ మాసాలనూ ఉత్సవ కాలాలనూ ఆచరించడం చూసి పౌలు కలత చెందాడు. 1522లో జూరిచ్ పట్టణంలో శ్రమకాలపు ఉపవాస నియమాన్ని కాదని కొందరు మాంసంతో చేసిన సాసేజీలు తిన్నప్పుడు, అక్కడే ఉండి తాను తినని సంఘ సంస్కర్త జ్వింగ్లీ, ఆ తర్వాత వారి పక్షాన ప్రసంగించాడు. ఏది తినాలో, ఎప్పుడు మానాలో వాక్యం ఆజ్ఞాపించని చోట సంఘం ఆజ్ఞాపించకూడదన్నది ఆయన వాదన. నేను ఆ వైపువాణ్ణి.

నా భయం ఆచారం గురించి మాత్రమే కాదు. కాలానికి ఒక పని అని పెట్టుకుంటే, ఆ పనిని ఆ కాలం వచ్చేదాకా వాయిదా వేయడం మన నైజం. పశ్చాత్తాపానికి శ్రమకాలం ఉంది కదా అని మిగిలిన పది నెలలు తేలికగా గడిపేవారిని చూశాను. మీ తమ్ముడి విషయమే తీసుకోండి. అర్పణ తెచ్చిన మనిషికి తన సహోదరునికి తన మీద విరోధమున్నట్టు గుర్తుకు వస్తే, అర్పణను బలిపీఠం ఎదుటే వదిలి వెళ్లి సమాధానపడమని ప్రభువు చెప్పాడు. అందుకు ఏ ఊదారంగు గుడ్డ కోసమూ ఎదురుచూడనవసరం లేదు.

జవాబు: ద్రాక్షతీగె

చెల్లీ, మీ ఉత్తరం రెండుసార్లు చదివాను.

తేటనీరు గారు చెప్పిన వాయిదా ప్రమాదం నిజమే, నేనూ అందులో పడ్డదాన్నే. అయితే అదే పౌలు రోమీయులకు రాస్తూ, ఒకడు ఒక దినాన్ని మరొకదాని కంటే మంచిదని ఎంచినా, ఇంకొకడు అన్నిటినీ సమానంగా ఎంచినా, ఎవరి మనసులో వారు రూఢిపరచుకోవాలని, దినాన్ని లక్ష్యపెట్టేవాడు ప్రభువు కోసమే లక్ష్యపెడుతున్నాడని 14వ అధ్యాయంలో చెప్పాడు. గలతీయులను గద్దించింది, వాటి వల్లనే దేవుని ఎదుట నిలబడగలమని వారు అనుకోబోయినందుకు. నేను ఈ కాలాలను పాటించేది యోగ్యత కోసం కాదు. నాకు ఏం కావాలో నాకే తెలియని రోజుల్లో, నేను ఎంచుకోని మాట ఒకటి నా ముందు పెట్టేవారు కావాలి గనుక పాటిస్తున్నాను.

మా వారు క్రిస్మస్‌కు రెండు రోజుల ముందు పోయారు. ఆ ఏడాది గుడిలో పాటలు వినబడుతుంటే చెవులు మూసుకోవాలనిపించింది. పండుగ అంటే సంతోషించి తీరాలని నేను అనుకున్నందుకు అది. అప్పుడు మా సంఘంలో ఒక పెద్దావిడ ఇంటికి వచ్చి, ఏ ఓదార్పు మాటా చెప్పకుండా, డిసెంబరు 28న చదివే సువార్త తెరిచి నా ఒళ్లో పెట్టింది. హేరోదు చంపించిన బేత్లెహేము పసివారిని సంఘం జ్ఞాపకం చేసుకునే దినం అది. రాహేలు తన పిల్లల కోసం ఏడుస్తూ, వారు లేనందున ఓదార్పు పొందనొల్లలేదన్న మాట మత్తయి 2వ అధ్యాయంలో ఉంది. క్రిస్మస్ కాలం 12 రోజులని, పండుగ అయిన మూడో రోజునే ఓదార్పు వద్దన్న తల్లికి సంఘం చోటిచ్చిందని నాకు అంతవరకు తెలియదు. ఆ రోజు నాకు దొరికినది ఉపదేశం కాదు, ఏడవడానికి అనుమతి.

తర్వాత వెతికి చూస్తే ఇలాంటి చోట్లు ఇంకా ఉన్నాయి. గుడ్ ఫ్రైడేకూ ఈస్టర్‌కూ మధ్య ఒక శనివారం ఉంది. సమాధి మూసి ఉన్న దినం, చేయడానికి ఏ పనీ లేని దినం. రోగి మంచం పక్కన కూర్చునేవారికి ఆ శనివారం బాగా తెలిసిందే. ఈస్టర్ తర్వాతి ఆదివారం ఏటా తోమా కథ చదువుతారు: అందరూ "ప్రభువు లేచాడు" అంటుంటే నమ్మలేకపోయినవాడు, ఎనిమిది రోజుల తర్వాత కూడా ఆ గదిలోనే ఉన్నాడు. అతణ్ణి ఎవరూ బయటికి పంపలేదు. అన్నట్టు, శ్రమకాలం 40 దినాలైతే పునరుత్థాన కాలం పెంతెకొస్తు వరకు 50 దినాలు. మనం 40 దినాలూ ఓపిక పట్టి, 50 దినాల సంతోషాన్ని సోమవారానికే కట్టిపెడతాం. సిలువ ధ్యాన కూడికలు వరుసగా పెట్టుకునే మనం ఈస్టర్ తర్వాత ఒక్క కూడికైనా పెట్టుకోకపోవడం నాకు ఎప్పుడూ విచిత్రంగానే ఉంటుంది.

ఒక చిన్న మాట. రెండేళ్లుగా ఒక్కరే సేవ చేస్తున్నారు. నిద్ర కరువై, దేని మీదా మనసు నిలవకపోతే, అది ప్రార్థన తక్కువై మాత్రమే అనుకోకండి, వైద్యునికి కూడా చూపించుకోండి.

మళ్లీ దివిటీ

ముగ్గురికీ కృతజ్ఞతలు. యెషయా 58 చదివాను, ముఖం తప్పించడం అన్న మాట దగ్గర ఆగిపోయాను. తేటనీరు గారి మాట కటువుగా అనిపించినా అది నాకు తగిన మాటే. ఒక సందేహం మిగిలింది. ఇప్పుడు ఆగమన కాలమూ కాదు, శ్రమకాలమూ కాదు. గుడిలో నెలల తరబడి ఆకుపచ్చ గుడ్డే ఉంది. ఈ కాలానికి ప్రత్యేకమైన ధ్యానం ఏమీ లేనప్పుడు దేన్ని పట్టుకోవాలి?

జవాబు: ఆవగింజ

అమ్మా, మీ బ్రతుకుకు అన్నిటికంటే దగ్గరి కాలం ఇదే. కథోలిక సంఘం దీన్ని సామాన్య కాలం అంటుంది. ఆ తెలుగు పేరు వింటే ఏదో తక్కువదానిలా ఉంటుంది గానీ, లాటిన్ పేరుకు అర్థం "సంవత్సరం పొడవునా సాగేది" అనే. ప్రత్యక్షత పండుగ తర్వాత కొన్ని వారాలు, పెంతెకొస్తు తర్వాత మిగిలినవి, మొత్తం 33 లేదా 34 వారాలు. ఏడాదిలో సగానికంటే ఎక్కువ. విత్తనాలు, కలుపు మొక్కలు, పులిసిన పిండి, అప్పులు, కూలివాళ్లు, అన్నదమ్ముల తగాదాలు: ప్రభువు ఇళ్ల గురించీ పనుల గురించీ చెప్పిన ఉపమానాలన్నీ దాదాపుగా ఈ ఆకుపచ్చ వారాల్లోనే వస్తాయి.

మత్తయి ముఖ్యంగా సాగే ఏడాదిలో, సెప్టెంబరులో వరుసగా రెండు ఆదివారాలు మత్తయి 18వ అధ్యాయమే చదువుతారు. మొదటి ఆదివారం, నీ సహోదరుడు తప్పు చేస్తే నీవు వెళ్లి, మీరిద్దరూ ఒంటరిగా ఉన్నప్పుడు అతనికి చెప్పు అన్న మాట. రెండో ఆదివారం, ఎన్నిసార్లు క్షమించాలని పేతురు లెక్క అడగడం. ఈ రెంటి వరుస గమనించండి. క్షమాపణ లెక్కకు ముందు, తప్పును తప్పని ముఖాముఖిగా చెప్పే చోటు ఉంది. మీ తమ్ముడు పాలు పంచుకోకపోవడం తప్పే అయితే, తప్పు కాదన్నట్టు మింగేయమని ఆ భాగం చెప్పడం లేదు. ఎవరికి ముందుగా చెప్పాలో మాత్రం చెబుతోంది.

దివిటీ

"ఒంటరిగా" అన్న ఒక్క మాట రాసి మూతకు అంటించాను. మూడో రోజుకు గాని నాకు తట్టలేదు: పిన్నికి చెప్పాను, ఆడపడుచుకు చెప్పాను, సంఘంలో ఇద్దరికి ప్రార్థన మనవిగా చెప్పాను, ఇప్పుడు ఇక్కడ మీ అందరికీ చెప్పాను. ఇన్ని రోజులు మంచం పక్కన కూర్చోవడం నా ఒక్కదానికి కష్టంగా ఉందన్న మాట, తగాదా మాటలన్నీ పక్కన పెట్టి, తమ్ముడితో ఒక్కసారి కూడా చెప్పలేదు.

నిన్న రాత్రి నాన్నగారు పడుకున్నాక ఫోన్ చేశాను. తొమ్మిది దాటింది. ఎత్తలేదు. 12వ రోజు గురించి మీరన్నది గుర్తుంది, ఈ రాత్రి మళ్లీ చేస్తాను.