1937లో వి.వి. గిరి వదిలిన ఢిల్లీ సీటు: ఉపఎన్నిక వివరాలు ఎక్కడ?

బరంపురం_పాఠకుడు:
గిరిగారు 1934లో కేంద్ర శాసనసభకు వెళ్లారు. 1937లో మద్రాసు రాష్ట్ర శాసనసభకు నెగ్గి, రాజాజీ మంత్రివర్గంలో చేరారు. మరి ఆయన వదిలిన ఢిల్లీ సీటు, అంటే కేంద్ర శాసనసభ సీటు, ఎవరికి పోయింది? ఎక్కడ వెతికినా బొబ్బిలి రాజాను ఓడించిన సంగతే వస్తోంది. మా సంఘం సంచికకి కావాలి. గంజాం అప్పటికే ఒరిస్సాలో కలిసింది కదా, కాగితాలు ఎటువైపు ఉంటాయండీ?

గెజిట్‌పురుగు:
బొబ్బిలిది రాష్ట్ర సభ ఎన్నిక, దాన్ని పక్కన పెట్టండి. నెల తెలియకుండా గెజిట్ (ప్రభుత్వ ప్రకటనల పత్రిక) తిరగేస్తే కళ్లు పోవడమే మిగులుతుంది, అందుకని వెనక నుంచి రండి. పార్లమెంటు డిజిటల్ లైబ్రరీలో లెజిస్లేటివ్ అసెంబ్లీ డిబేట్స్ (కేంద్ర శాసనసభ చర్చలు) 1937, 1938 సంపుటాలు దించుకుని, ప్రతి సమావేశం తొలిరోజు మొదటి పేజీ చూడండి. ‘మెంబర్స్ స్వార్న్’ (ప్రమాణం చేసిన సభ్యులు) అన్న శీర్షిక కింద కొత్త సభ్యుడి పేరు, పక్కనే నియోజకవర్గం ఉంటాయి. మీరు చూడాల్సింది ‘గంజాం కం విజగపటం, నాన్ మహమ్మడన్ రూరల్’, అంటే గంజాం, విశాఖపట్నం కలిపిన ముస్లిమేతర గ్రామీణ నియోజకవర్గం. గిరిగారి తర్వాత అక్కడ కనిపించే పేరు కె.ఎస్. గుప్తా.

ప్రమాణం చేసిన తేదీని ఎన్నిక తేదీ అని మాత్రం రాసేయకండి. సభ ఏడాది మొదట్లో ఢిల్లీలో, మళ్లీ శరత్కాలంలో సిమ్లాలో కూర్చునేది. మధ్యలో నెగ్గినాయన నెలల తరబడి ఆగాల్సిందే.

పర్లాకిమిడి_రావు:
ప్రమాణం తేదీ దొరికాక అక్కణ్ణుంచి వెనక్కి గెజిట్ చూడండి. చెన్నై ఎగ్మూరు ఆర్కైవ్స్‌లో ఫోర్ట్ సెయింట్ జార్జ్ గెజిట్, అంటే మద్రాసు ప్రభుత్వ గెజిట్, ఉంది. ఒరిస్సా 1936 ఏప్రిల్ 1న ఏర్పడింది కాబట్టి భువనేశ్వర్‌లో ఒరిస్సా గెజిట్ కూడా చూడాలి, ఒకవైపు చూసి లేదనేయొద్దు. పోటీ లేకుండా నెగ్గి ఉంటే ఓట్ల లెక్కే ఉండదు, ప్రకటన ఒక్కటే ఉంటుంది.

ఇంకోటి. ఓట్లు దొరికినా బొబ్బిలి ఓట్లతో పోల్చకండి. రాష్ట్ర సభలకి 1935 చట్టం ఓటుహక్కుని బాగా పెంచింది. కేంద్ర సభ మాత్రం 1919 చట్టం నాటి పాత పద్ధతిలోనే నడిచింది. పన్నులు కట్టే, భూములున్న కొద్దిమందే ఓటర్లు.

గెజిట్‌పురుగు:
రావుగారు చెప్పింది నిజం. డిబేట్స్ సూచికలో జోగయ్య, గిరి ఇద్దరికీ ముందు ‘వి.వి.’ అనే ఉంటుంది, చూసుకోండి. గిరిగారి తండ్రి జోగయ్య పంతులుగారు 1920లలో అదే సీటు నుంచి వెళ్లారు. ‘రాజీనామా’ అని వెతికితే 1930 గుంపు వచ్చి పడుతుంది. అది లాహోర్ కాంగ్రెస్ పిలుపు మీద సభ్యులు వరసగా తప్పుకున్నప్పటిది, దీనికీ దానికీ సంబంధం లేదు. ఆంధ్రపత్రిక పాత సంచికలు ప్రెస్ అకాడమీ సైట్‌లో ఉన్నాయి గానీ అక్కడ పదం కొట్టి వెతకడం కుదరదు, తేదీతో వెళ్లాల్సిందే.