రాళ్ల బాటకు ఏరియల్ హెచ్‌టీ5 మేలా, ట్రయల్స్ బుల్లెట్ మేలా?

ప్రశ్న (దామలచెరువు)

మిత్రులకు నమస్కారం. మా మామిడితోటకు పోయే బాట గుట్టను చుట్టుకొని పైకి వెళుతుంది. వానలకు మట్టి కొట్టుకుపోయి గుండ్రాళ్లు బయటపడ్డాయి. మా నాయన నడిపిన పాత 350 బుల్లెట్‌ను 1950ల నాటి బ్రిటిష్ ట్రయల్స్ (కాలు నేలకు ఆనించకుండా రాళ్లూ మిట్టలూ దాటే పోటీ) బండ్ల పద్ధతిలో ఈ బాటకు తగినట్టు మార్చుకోవాలని ఉంది. ఆనాటి బండ్లలో ఏరియల్ హెచ్‌టీ5 గొప్పదని కొందరు, ట్రయల్స్ బుల్లెట్ గొప్పదని కొందరు అంటారు. రాళ్ల మిట్ట ఎక్కేటప్పుడు రెండింటికీ తేడా ఎక్కడ వస్తుందో తెలిసినవారు దయచేసి చెప్పండి.

జవాబు (తిరుపతి)

ట్రయల్స్‌లో గెలుపు వేగం వల్ల రాదు. కాలు ఒకసారి నేలకు ఆనితే 1, బండి ఆగిపోతే 5 తప్పు మార్కులు పడతాయి కనుక, ఇంజన్ ఎంత నెమ్మదిగా తిరిగినా ఆగకుండా లాగడమే అక్కడ అసలు గుణం. ఏరియల్‌ది 497 సీసీ, పిస్టన్ నడక (పైకీ కిందికీ కదిలే దూరం) 95 మిల్లీమీటర్లు. మనిషి నడిచే వేగంలోనూ ఇంజన్ ఒక్కొక్క దెబ్బ విడివిడిగా వినిపిస్తూ మిట్ట ఎక్కుతుంది. ట్రయల్స్ రైడర్ శామీ మిల్లర్ దీనిమీదే 1962లోనూ 1964లోనూ స్కాటిష్ సిక్స్ డేస్ ట్రయల్ గెలిచారు. అయితే ఆయన ఏళ్ల తరబడి భాగం వెంట భాగం మార్చి బండి బరువు తగ్గించుకున్నారన్నది మరువకూడదు. నా ఓటు ఏరియల్ ఇంజన్‌కే.

జవాబు (చిత్తూరు)

ఇంజన్ విషయంలో పై మిత్రుల మాట ఒప్పుకుంటాను, కానీ రాళ్ల మీద పట్టు వెనుక చక్రానిది. వెనుక సస్పెన్షన్ లేని బండికే పట్టు ఎక్కువని రైడర్లు గట్టిగా నమ్మే రోజుల్లో, 1948 కోల్‌మోర్ ట్రయల్‌కు రాయల్ ఎన్‌ఫీల్డ్ వెనుక సస్పెన్షన్ ఉన్న బుల్లెట్లను తెచ్చింది. సస్పెన్షన్ లేని బిగుతు ఫ్రేమ్ బండి రాయి తగలగానే ఎగురుతుంది, గాలిలో చక్రం ఊరికే తిరుగుతుంది. సస్పెన్షన్ ఉంటే చక్రం రాయిని ఎక్కి దిగి మళ్లీ నేలను అంటుకుంటుంది. జానీ బ్రిటెన్ 1952లో, 1957లో ఎన్‌ఫీల్డ్ మీదే స్కాటిష్ ట్రయల్ గెలిచారు. హెచ్‌టీ5 కూడా వెనుక సస్పెన్షన్‌తోనే వచ్చింది కదా! 346 సీసీ బుల్లెట్ తక్కువదేమీ కాదు, పైగా దాని సామాను మన ఊళ్లోనే దొరుకుతుంది.

జవాబు (భాకరాపేట)

ఏది గొప్పదైనా మీ చేతిలో ఉన్నది బుల్లెట్ కనుక ఒక హెచ్చరిక. దాని ఇంజన్ కింద ఫ్రేమ్ పైపు లేదు, ఆయిలు కూడా ఇంజన్ కేసింగ్‌లోనే ఉంటుంది. తోట బాటలో నాకు ఒకసారి ఠక్కున చప్పుడైంది. వెనక్కి చూస్తే రాళ్ల మీద నల్లటి ఆయిలు చార. అడుగున మందపాటి అల్యూమినియం ప్లేటు తప్పక వేయించండి. గేర్‌బాక్స్ స్ప్రాకెట్ (చైను తిరిగే పళ్లచక్రం) ఒకటి రెండు పళ్లు తగ్గిస్తే మిట్టలో క్లచ్ నలగదు. టైరులో గాలి తగ్గించాలనుకుంటే మాత్రం రిమ్‌కు టైరును బిగించే బోల్టు పెట్టించండి. లేకుంటే టైరు జారి ట్యూబు వాల్వు తెగిపోతుంది.

ప్రశ్న అడిగినవారు

అందరికీ కృతజ్ఞతలు. ఈ ఉదయం బండిని పక్కకు వాల్చి చూశాను. కేసింగ్ అడుగున పాత వెల్డింగ్ మచ్చ ఒకటి ఉంది. నాయన ఎన్నడూ చెప్పలేదు. ముందు ప్లేటు వేయించి, ఆ తరువాతే స్ప్రాకెట్ సంగతి చూస్తాను.