జెనెవీవ్ ఎన్నాజీ చిత్రాన్ని ఆస్కార్ పోటీ నుంచి తప్పించడం న్యాయమేనా?

పాతటికెట్టు: నైజీరియా నటి జెనెవీవ్ ఎన్నాజీ మొదటిసారి దర్శకత్వం వహించిన ‘లయన్‌హార్ట్’ను 2019లో ఆ దేశం అంతర్జాతీయ చిత్రాల విభాగానికి తన తొలి ఆస్కార్ ఎంట్రీగా పంపితే, సంభాషణల్లో ఇంగ్లీషే ఎక్కువగా ఉందంటూ అకాడమీ పోటీ నుంచి తప్పించింది. ఎనిమిదేళ్ల వయసులో టీవీ సీరియల్‌తో మొదలై నైజీరియా సినిమా రంగమైన నాలీవుడ్‌లో అగ్రతారగా ఎదిగిన ఆమెకు ఇది తీరని అన్యాయం.

వరిచేను: ఇందులో నాకు అన్యాయమేమీ కనిపించడం లేదు. సంభాషణల్లో సగానికి మించి ఇంగ్లీషు కాని భాష ఉండాలన్నది పాత నిబంధనే. గంటన్నర సినిమాలో అక్కడి స్థానిక భాష ఇగ్బో పదకొండు నిమిషాలే ఉంది. బ్రిటన్ అయినా ఆ విభాగానికి వేల్స్ ప్రాంతపు వెల్ష్ భాషలో తీసిన చిత్రం లాంటిదే పంపవలసి ఉంటుంది కదా!

నీలిగోడ: అదే ఏడాది ‘విదేశీ భాషా చిత్రం’ అన్న పేరు తీసేసి ‘అంతర్జాతీయ చిత్రం’ అని పెట్టినవారు నిబంధనను మాత్రం ఎందుకు ఉంచారు?

వరిచేను: పేరు సంగతి నేను ఎత్తలేదు. పదకొండు నిమిషాలకు జవాబు చెప్పండి.

పాతటికెట్టు: జవాబు సినిమాలోనే ఉంది. నైజీరియాలోని ఎనుగు నగరంలో తండ్రి పెట్టిన బస్సుల కంపెనీని అప్పుల నుంచి గట్టెక్కించడానికి నానా పాట్లు పడే కథానాయిక అదాయెజె, ఇంట్లో పెద్దలతో ఇగ్బో కలిపి మాట్లాడుతుంది, వ్యవహారాలకు వచ్చేసరికి ఇంగ్లీషు అందుకుంటుంది. అక్కడ చదువుకున్న ఆడపిల్ల మాటతీరే అది. ఐదువందలకు పైగా భాషలున్న తమ దేశంలో ఇంగ్లీషే వారధి అని, తమను ఎవరు పాలించాలో తాము ఎంచుకోలేదని ఎన్నాజీ అప్పుడే చెప్పారు. 2020లో పోలీసు దౌర్జన్యాలపై యువత వీధుల్లోకి వచ్చినప్పుడు ఆమె గొంతు కలిపింది కూడా ఇంగ్లీషులోనే. అది ఆమె భాష కాదనడానికి మీరెవరు?

వరిచేను: నేనెవరినో చెబుతాను. ఆరో తరగతిలో పెన్సిలు చెక్కుకోవడానికి పక్కవాడిని బ్లేడు తెలుగులో అడిగినందుకు, నా మెడలో పలక వేసి బడి విడిచేదాకా వరండాలో నిలబెట్టారు. పలక మీది సుద్దపొడి చొక్కా గుండీల మీద రాలుతుంటే దులుపుకోవడానికి కూడా భయపడ్డాను. ఇంగ్లీషును ఎవరైనా ‘మాది’ అంటే నాకు కడుపు మండుతుంది. ఇగ్బోకు దక్కిన ఆ కాసిని నిమిషాలు చూస్తే ఆ పలకే గుర్తుకొచ్చింది.

నీలిగోడ: ఈ మాట మొదటే చెప్పి ఉంటే నిమిషాల మీద ఇంత వాదన జరిగేది కాదు.

పాతటికెట్టు: మీకు జరిగింది దారుణం. అయితే నా భార్యది అస్సాం; మేము పోట్లాడుకునేదీ, మళ్లీ కలిసిపోయేదీ ఇంగ్లీషులోనే. దాన్ని పరాయి భాష అనమంటే నేను అనలేను.

వరిచేను: మీ పిల్లలకు తెలుగు వచ్చా?

పాతటికెట్టు: అర్థం చేసుకుంటారు. మాట్లాడరు.