పిల్లలకు మాట రాకపోతే తప్పు మెదడుదా, ఇంటిదా?

పలకబలపం:
మా రెండో తరగతిలో ఒక బాబున్నాడు. ఎనిమిదేళ్లు. "నీళ్లు కావాలి", "ఇంటికి పోతా" దాటి మాట రాదు. తండ్రి తాగొచ్చి కొడతాడని వీధిలో అందరికీ తెలుసు. "నరాల బలహీనత, అదే వస్తుంది" అంటుంది నాయనమ్మ. నేను నమ్మను. 1970లో లాస్ ఏంజెలెస్ దగ్గర బయటపడ్డ జీనీ సంగతి చూడండి. పదమూడేళ్ల దాకా తండ్రి గదిలో కట్టేసి ఉంచాడు, చప్పుడు చేస్తే కొట్టాడు. తర్వాత మాటలు నేర్చుకుంది గానీ వాక్యం కూర్చడం సరిగా పట్టుబడలేదు. పిల్లల నోరు నొక్కేది ఇల్లే.

గుత్తి బాబాయ్:
జీనీని సాక్ష్యంగా తేవద్దు టీచర్ గారూ. పసితనంలోనే ఆ పిల్ల ఎదుగుదల మందంగా ఉందేమోనని డాక్టర్ అనుమానపడ్డాడు. మెదడులో లోపం ముందే ఉందా లేదా అన్నది చివరికీ తేలలేదు. 1938లో ఒహాయోలో బయటపడ్డ ఇసబెల్‌ని చూడండి. వినపడని, మాట రాని తల్లితో ఆరున్నరేళ్లు చీకటి గదిలో పెరిగింది. రెండేళ్లు నేర్పేసరికి తోటిపిల్లల్ని అందుకుంది. మెదడు బాగుంటే మాట ఎక్కడికీ పోదు.

పలకబలపం:
ఇసబెల్‌కు ఆరున్నర, జీనీకి పదమూడు. తేడా అంతా అక్కడే ఉంది.

గుత్తి బాబాయ్:
వయసు కాదండీ. ఇసబెల్ పక్కన తల్లి ఉంది, సైగలున్నాయి.

గోదారిగట్టు:
బాబాయ్ మాటే నాదీ.

చిన్నూ అమ్మ:
"మెదడు బాగుంటే" అన్నచోట ఆగిపోయాను. మా పాపకు పుట్టిన రెండో రోజే ఫిట్స్ వచ్చాయి. స్కానింగ్‌లో మెదడు ఎడమవైపు స్ట్రోక్ అని తేలింది. పెద్దవాళ్లకు అక్కడ దెబ్బ తగిలితే చాలాసార్లు మాట పడిపోతుంది. పుట్టగానే తగిలితే కుడివైపు ఆ పని అందుకోగలదని, కాకపోతే మాట ఆలస్యమవుతుందని డాక్టర్ చెప్పారు. రెండున్నరేళ్లకు గానీ "అమ్మ" అనలేదు. ఇప్పుడు ఆరేళ్లు. కుడి పిడికిలి పూర్తిగా విప్పలేదు. ఎడమచేత్తో నా గడ్డం తనవైపు తిప్పుకుని, "నువ్వు వినట్లేదు, నక్క ఎక్కడ దాక్కుందో మళ్లీ చెప్తా" అంటుంది.

గుత్తి బాబాయ్:
మీ అదృష్టం అమ్మా. అందరికీ అలా జరగదు.

చిన్నూ అమ్మ:
అదృష్టమా? నాలుగేళ్లు వారానికి మూడుసార్లు పాపను చంకనేసుకుని రెండు బస్సులు మారి స్పీచ్ థెరపీకి వెళ్లాను. "కడుపుతో ఉన్నప్పుడు ఏం చేశావో" అని మా అత్తగారు ఇప్పటికీ అంటారు.

మాటామంతీ:
నేను స్పీచ్ థెరపిస్టుని. మెదడు, ఇల్లు అని విడదీసి కొట్లాడితే లాభం లేదు. రొమేనియా రాజధాని బుకారెస్ట్‌లో 2000లో ఒక పరిశోధన మొదలైంది. అనాథాశ్రమాల్లోని 136 మంది పసిపిల్లల్లో సగం మందిని పెంపుడు కుటుంబాలకు అప్పగించారు. సుమారు 15 నెలల లోపు వెళ్లినవాళ్ల మాట మూడున్నరేళ్లకల్లా మామూలు పిల్లలతో సమానమైంది. రెండేళ్లు దాటాక వెళ్లినవాళ్లు బాగా వెనకబడ్డారు. వాళ్ల తలకు దెబ్బలేం తగల్లేదు, పలకరించేవాళ్లు కరువయ్యారు. ఇక ఏడుపు ఆపడం లేదని పసిబిడ్డను కోపంతో గట్టిగా ఊపితే మెదడులో రక్తం కారుతుంది. అది మెదడు దెబ్బ అంటారా, ఇంటి తప్పు అంటారా?

పలకబలపం:
నేనన్నదీ అదే! ఇలాంటి ఇళ్లను నిలదీయాలి.

గుత్తి బాబాయ్:
నిలదీయాలా? మా చెల్లెలి కొడుక్కి నాలుగేళ్లప్పుడు మెదడువాపు వచ్చి మాట పోయింది. మీలాంటి టీచరమ్మే, పేరెంట్స్ మీటింగ్‌లో అందరి ముందు, "ఇంట్లో కొడతారా?" అని అడిగింది. మా చెల్లి మళ్లీ ఆ బడి గడప తొక్కలేదు. వాడి చదువు అక్కడే ఆగింది. జీనీ, ఇసబెల్ అంటూ ఇందాకటి నుంచి నేను కొట్లాడుతున్నది ఇందుకే.

చిన్నూ అమ్మ:
బాబాయ్ గారూ, ఆ మాట ముందే చెప్పాల్సింది.

పలకబలపం:
అలా అందరి ముందు అడగడం తప్పే. కానీ అడగకపోతే? ఈ బాబు ఒకటో తరగతిలో చేరినప్పుడు చెవి వెనక కమిలి ఉండటం నేను చూశాను. "పడ్డాడు" అంది నాయనమ్మ. ఇంకేమీ అడగకుండా ఊరుకున్నాను. రెండేళ్లు పోయాయి. ఆ రెండేళ్లు నా మెడకు చుట్టుకున్నాయండీ.

గుత్తి బాబాయ్:
అయితే అడగండి. తల్లిని విడిగా కూర్చోబెట్టి అడగండి. నలుగురిలో వద్దు.

మాటామంతీ:
చెవి వెనక అన్నారు. ఆ బాబుకి వినికిడి పరీక్ష చేయించారా?

పలకబలపం:
లేదు. ఎవరికీ తట్టలేదు.

మాటామంతీ:
ముందు అది చేయించండి. జిల్లా ఆసుపత్రిలో పిల్లల సత్వర చికిత్సా కేంద్రం ఉంటే అక్కడికి తీసుకెళ్లండి. దెబ్బలు కనబడితే పిల్లల సహాయ నంబరు 1098కి ఫోన్ చేయండి.

పలకబలపం:
రేపు పొద్దున ప్రార్థన కాకముందే వాళ్లమ్మను కలుస్తాను.