సంరక్షణ, పరిరక్షణ: రెండూ ఒకటేనా?

ప్రశ్న (కర్నూలు):
గ్రూప్స్‌కు చదువుతున్నా. ఒక పుస్తకంలో వన్యప్రాణి సంరక్షణ అని ఉంది, ఇంకోదాంట్లో పరిరక్షణ. కన్సర్వేషన్, ప్రిజర్వేషన్ వేరు వేరని కోచింగ్‌లో చెప్పారు. మెయిన్స్‌లో అడిగితే ఏం రాయాలన్నా?

జవాబు (అనంతపురం):
వాడుకుంటూ కాపాడేది కన్సర్వేషన్, చెయ్యి పెట్టకుండా వదిలేసేది ప్రిజర్వేషన్. అమెరికాలో హెచ్ హెచీ లోయ గొడవ రాయి. ఆనకట్ట కట్టాలని అడవుల శాఖకు పెద్దగా చేసిన పించో, వద్దని ప్రకృతి రచయిత మ్యూర్. 1913లో అనుమతి ఇచ్చేశారు.

జవాబు (బద్వేలు):
అమెరికా దాకా ఎందుకు తమ్ముడూ, మన కడప జిల్లా లంకమల అడవి ఉంది కదా. 1900 తర్వాత కలివి కోడి అనే పక్షి ఎవరికీ కనపడలేదు, ఇక లేదనుకున్నారు. 1986లో రెడ్డిపల్లె దగ్గర మళ్లీ దొరికింది.

దానిమీద పరిశోధన చేసేవాళ్ల దగ్గర నేను కొన్నాళ్లు కూలికి పోయాను. పొదల సందుల్లో మెత్తటి మట్టి పట్టీలా పరిచి, తెల్లారి అడుగులు చూడాలి. రాత్రిపూట తిరిగే పక్షి మరి. ముందు మూడు వేళ్లే పడతాయి, వెనక వేలు ఉండదు. మొదటి వారమే కౌజు పిట్ట అడుగు చూసి దొరికిందని కేక పెట్టాను. నవ్వారు చూడు!

దానికి చిక్కటి అడవి పనికిరాదు, బోడి నేలా పనికిరాదు. పొదకూ పొదకూ మధ్య పరుగెత్తే సందు కావాలి. మేకలు కొంచెం మేస్తే, కట్టెలు కొంచెం కొడితే ఆ సందు నిలుస్తుంది. ఎక్కువైతే పొదే మిగలదు, మొత్తం ఆపితే అల్లుకుపోతుంది. కంచె వేసి తాళం పెడితే కాపాడినట్టు కాదు. మేకల్ని తరమడం కన్నా లెక్క పెట్టడం మేలంటాను నేను. ఇది కన్సర్వేషన్.

అదే తెలుగుగంగ కాలువ ఆ పొదల్లోంచి తవ్వబోయినప్పుడు "కొంచెం తవ్వుకోండి" అంటే కుదురుతుందా? దారి మార్పించాల్సి వచ్చింది. అది ప్రిజర్వేషన్. పక్షి ఒకటే, పొదలూ అవే.

జవాబు (హిందూపురం):
మా వైపు వీరాపురం కూడా రాయండి. ఊళ్లో చింతచెట్ల మీదే కొంగలు గూళ్లు కడతాయి, కాపలా ఊరివాళ్లదే.

ప్రశ్న అడిగినవారు:
థాంక్స్ అన్నా. మరి సంరక్షణ ఏది, పరిరక్షణ ఏది?

జవాబు (బద్వేలు):
మనవాళ్లు రెండింటికీ రెండూ వాడేస్తారు. మొదటిసారి కన్సర్వేషన్ అనే రాసి, పక్కన నీకు నచ్చిన తెలుగు మాట పెట్టు. చివరిదాకా దాన్నే వాడు.

ప్రశ్న అడిగినవారు:
కౌజు సంగతి రాయొచ్చా?

జవాబు (బద్వేలు):
అదొక్కటీ వదిలేయ్ సామీ.